ఏటిపక్క పల్లంలో నీరు దిగని బంకగరప: రంగు చూసి నేలని చదవడం

ఏటిపక్క పల్లంలో తడి ఆరని నేల కనిపిస్తే "బంకమట్టి కదా, నీళ్లు నిలవక ఏం చేస్తాయి" అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంటారు. నాకు ఆ మాట నచ్చదు. అదే బంకగరప, అంటే క్లే లోమ్, అంతే బంక శాతంతో కాస్త మెరక మీద, వాలులో ఉంటే వాన వెలిశాక కొద్ది రోజుల్లో పదునుకి వచ్చేస్తుంది, తవ్వి చూస్తే లోపల చక్కటి గోధుమ రంగులో ఉంటుంది. నీళ్లు నిలవడానికి మట్టి ఎంత కారణమో, అది ఉన్న చోటు అంతకంటే పెద్ద కారణం. కాబట్టి ఇలాంటి నేలని వర్గీకరించేటప్పుడు బంక ఎంత అన్నదానికన్నా నీరు ఎటునుంచి వచ్చింది, ఎంతకాలం ఉంది అన్నది ముందు తేలాలి.

వరద గట్టు దాటి పొర్లగానే నీటి వేగం పడిపోతుంది. బరువైన ఇసుక గట్టు పక్కనే మేట వేస్తుంది, అందుకే ఏటి అంచు కాస్త ఎత్తుగా, తేలిక నేలగా ఉంటుంది. సన్నటి ఒండ్రు (సిల్ట్, అంటే ఇసుక కన్నా సన్నగా, బంక కన్నా ముతకగా ఉండే రేణువులు), బంక మాత్రం నీళ్లతో పాటు లోపలికి కొట్టుకుపోయి, గట్టుకీ మెరకకీ మధ్య ఉన్న పల్లంలో నీళ్లు కదలకుండా ఆగినప్పుడు మెల్లగా దిగుతాయి. ఎంత మెల్లగా అంటే, 20 డిగ్రీల నీటిలో 2 మైక్రాన్ల బంక రేణువు 10 సెంటీమీటర్లు దిగడానికి సుమారు 8 గంటలు పడుతుంది. ఇలా పల్లమూ బంకా ఒకేచోట చేరతాయి, పైగా ఏరు నిండుగా ఉన్నన్నాళ్లు భూగర్భ నీటిమట్టం కూడా అక్కడే పైకి వస్తుంది. బంకే అసలు కారణం అనిపించేది ఈ మూడూ కలిసి రావడం వల్లే.

బంకగరప అంటే ఏంటో కొలత ప్రకారం చెప్పాలంటే బంక 27 నుంచి 40 శాతం, ఇసుక 20 నుంచి 45 శాతం, మిగతాది ఒండ్రు. చేత్తో అయితే తడిపిన మట్టిని ముద్ద చేసి, బొటనవేలితో చూపుడువేలి మీద నుంచి పట్టీలా సాగదీస్తారు. రెండున్నర నుంచి 5 సెంటీమీటర్ల మధ్య తెగిపోతే, అటు గరగరా ఇటు నునుపూ ఏదీ మరీ ఎక్కువ కాకపోతే, అది బంకగరప. ల్యాబ్‌లో మట్టి కలిపిన నీటి సాంద్రత చూసే హైడ్రోమీటర్‌తో కొలిచినా ఒక చిక్కుంది. తడి నేలల్లో సేంద్రియ పదార్థం, ఇనుప జిగురు ఎక్కువ, అవి బంక రేణువుల్ని గుత్తులుగా పట్టుకుని ఉంటాయి, సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ వేసి బాగా విడదీయకపోతే బంక తక్కువగా, ఒండ్రు ఎక్కువగా కనిపిస్తుంది. ఈ రెండు మూడు శాతం తేడా ఎక్కడ కొంప ముంచుతుందో కింద చెప్తాను.

ఇప్పుడు రంగు. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. మామూలు నేలకి గోధుమ, ఎరుపు, పసుపు రంగులు వచ్చేది ఎక్కువగా ఇనుప ఆక్సైడ్ల పూత వల్ల. నేల నీళ్లతో నిండిపోయి గాలి ఆడకపోతే సూక్ష్మజీవులు ముందు మిగిలిన ఆక్సిజన్ వాడేస్తాయి, తర్వాత నైట్రేట్, ఆపైన మాంగనీసు, ఆ తర్వాతే ఇనుము వంతు. ఇనుము ఫెర్రస్ రూపంలోకి మారితే నీటిలో కరుగుతుంది, నీటితో జరిగిపోతుంది. పూత పోయాక మిగిలేది ఖనిజాల అసలు రంగు, బూడిద రంగు, సున్నం వెలిసిన గోడలో ఇటుక బయటపడ్డట్టు. కరిగిన ఇనుము మళ్లీ గాలి తగిలిన చోట జేగురు రంగు మరకగా గడ్డకడుతుంది. మాంగనీసు ఇనుము కన్నా ముందు కరుగుతుంది, తిరిగి గట్టిపడటం మాత్రం ఆలస్యం, అందుకే నల్లటి మాంగనీసు గుళికలు తరచుగా ఎర్ర మరకల కన్నా ఎక్కువ గాలి ఆడే చోట కనిపిస్తాయి.

దీన్ని మన్సెల్ రంగుల పుస్తకంతో కొలుస్తారు. 10వైఆర్ 5/1 అని రాస్తే చివరి అంకె క్రోమా, అంటే రంగు గాఢత. 2 లేదా అంతకన్నా తక్కువ ఉండి, పక్కనే జేగురు మరకలు ఉంటే ఆ పొర ఏటా చాలాకాలం నీటిలో ఉందని గట్టి అనుమానం. మట్టి తడిగా ఉన్నప్పుడే, ఎండ వెలుతురులోనే చూడాలి. సాయంత్రం వెలుగులో అన్నీ ఎర్రగానే కనిపిస్తాయి. బాగా లోతున నీలం, ఆకుపచ్చ కలిసిన ఛాయ ఉంటే పెళ్ల విరిచిన వెంటనే రాసుకోండి, గాలి తగిలితే అది కాసేపట్లోనే గోధుమలోకి తిరిగిపోతుంది.

చాలామంది బూడిద రంగు ఉంది, మరకలున్నాయి, ఇంతే రాసి లేచిపోతారు. అసలు చూడాల్సింది బూడిద ఎక్కడుంది, ఎరుపు ఎక్కడుంది అన్నది. పెళ్ల లోపలంతా బూడిదగా ఉండి, నెర్రెల అంచులూ వేళ్ల దారులూ మాత్రం జేగురు రంగులో ఉంటే నీరు కింది నుంచి వచ్చిందని అర్థం. భూగర్భ నీరు పైకి లేచి పెళ్ల మొత్తాన్ని ముంచింది, నీరు తగ్గినప్పుడు గాలి ముందుగా దూరింది నెర్రెల్లోకీ వేళ్ల దారుల్లోకీ కాబట్టి ఇనుము అక్కడ గడ్డకట్టింది. తడిలో పెరిగే గడ్డిజాతి మొక్కలు తమ వేళ్ల గుండా గాలిని కిందికి పంపుతాయి, ఆ వేళ్ల చుట్టూ నారింజ రంగు గొట్టంలా ఏర్పడేది కూడా ఇలాగే. దీనికి తిరగబడి, పెళ్ల లోపల గోధుమగా ఉండి నెర్రెల ముఖాలు బూడిదగా ఉంటే నీరు పైనుంచి దిగి, కింద గట్టి పొర మీద ఆగింది. నెర్రెల్లోనే నీరు నిలిచింది, పెళ్ల నడుమకి గాలి ఇంకా అందుతూనే ఉంది. గుంట తవ్విన రోజున నీళ్లు కనిపించినా కనిపించకపోయినా, గడిచిన ఎన్నో ఏళ్ల నీటి నడక ఇక్కడ రాసి ఉంటుంది.

అలాగని రంగుని గుడ్డిగా నమ్మకూడదు కూడా. మరక అంచు చుట్టూ రంగు మెల్లగా పలచబడుతూ మట్టిలో కలిసిపోతే అది ఇప్పుడు జరుగుతున్న పని. అంచు కత్తితో కోసినట్టుండి, గుళిక గట్టిగా విడిగా ఊడి వస్తే అది పాతకాలపు గుర్తు కావచ్చు, లేదా వరదలో ఎక్కడి నుంచో కొట్టుకొచ్చింది కావచ్చు. ఏరు తన అడుగుని కోసుకుంటూ కిందికి దిగిపోతే పక్క నేల ఆరిపోతుంది, బూడిద రంగు మాత్రం అలాగే ఉండిపోతుంది. ఎర్రటి మూలపదార్థం నుంచి వచ్చిన ఒండ్రు అయితే ఎంత తడిసినా ఎరుపు ఒక పట్టాన వదలదు. సూక్ష్మజీవులకి తిండి లేని చోట, అంటే సేంద్రియ పదార్థం మరీ తక్కువైన పొరలో, నీళ్లు నెలల తరబడి ఉన్నా ఇనుము కదలకపోవచ్చు. అనుమానం ఉంటే ఆల్ఫా ఆల్ఫా డైపిరిడిల్ ద్రావణం ఉంది, అప్పుడే విరిచిన పెళ్ల మీద చుక్కలు వేస్తే ఫెర్రస్ ఇనుము ఉన్నచోట గులాబీ నుంచి ఎరుపు రంగులోకి తిరుగుతుంది. ఉక్కు ఆగర్ (నేలలోకి తిప్పి మట్టి తీసే బర్మా) రాసుకున్న ముఖం మీద మాత్రం వేయకండి, ఆగర్ ఇనుమే రంగు ఇచ్చేస్తుంది.

వరద నేల అన్నదానికి ఇంకో గుర్తు సేంద్రియ కర్బనం. మామూలు నేలలో పైన ఎక్కువ ఉండి కిందికి పోయే కొద్దీ సాఫీగా తగ్గుతుంది. ఇక్కడ అలా కాదు, పాత పైపొరని కొత్త మేట కప్పేస్తుంది కాబట్టి ఒక లోతులో తగ్గి మళ్లీ కింద హఠాత్తుగా పెరుగుతుంది, లేదా 125 సెంటీమీటర్ల దగ్గర కూడా 0.2 శాతం పైనే ఉంటుంది. అందుకని నమూనాలు పైనుంచి ఒక్క లోతులో తీసి సరిపెట్టుకుంటే ఈ సంగతే బయటపడదు.

ఇక పేరు. నీటి పారుదలని బట్టి నేలల్ని ఏడు తరగతులు చేస్తారు, మన నేల ఆరోది, పంట కాలంలో తక్కువ లోతులోనే మధ్యమధ్య తడి వచ్చిపోయేది లేదా చాలాకాలం తడిగానే ఉండిపోయేది. ఈ తరగతి అసలు వర్గీకరణలో భాగం కాదు, విడిగా రాసే సంగతి, జనం ఈ రెండిటినీ కలిపేస్తుంటారు. అమెరికా వ్యవసాయ శాఖ నేలల వర్గీకరణ సాయిల్ టాక్సానమీలో 12 ఆర్డర్లు, అంటే అన్నిటికన్నా పై తరగతులు, ఉన్నాయి, 1975లో మొదటి కూర్పు, 1999లో రెండోది. అందులో మన నేలకి పడే మొదటి ప్రశ్న, నేలకి అంటూ ఒక నిర్మాణం వచ్చిందా లేక ఇంకా వరద పొరలు పుట పుటలుగా అలాగే కనిపిస్తున్నాయా అని. పొరలు చెరిగి పెళ్లలు కట్టిన కాంబిక్ పొర ఉంటే ఇన్‌సెప్టిసాల్, లేకపోతే ఎంటిసాల్. రెండో ప్రశ్న, పై 50 సెంటీమీటర్ల లోపల తడి గుర్తులు ఉన్నాయా. ఉంటే ఇన్‌సెప్టిసాల్ ఆక్వెప్ట్ అవుతుంది, ఎంటిసాల్ ఆక్వెంట్ అవుతుంది. ఆక్వెప్ట్ అయితే మూడోది, తడి మొదలైన చోటు నుంచి కింద 200 సెంటీమీటర్ల దాకా నీరు ఏకంగా ఉందా, లేక తడి పొర కింద ఆరిన పొర ఉందా. ఏకంగా ఉంటే, అంటే నీరు కింది నుంచి వచ్చేదైతే, ఎండోఆక్వెప్ట్; కింద ఆరి ఉంటే, అంటే నీరు పైనుంచి దిగి ఆగేదైతే, ఎపిఆక్వెప్ట్. దానికి వరద కర్బనం గుర్తు కలిస్తే ఫ్లూవాక్వెంటిక్ ఎండోఆక్వెప్ట్. ఇంకా కింది మెట్టు, కుటుంబం (ఫ్యామిలీ) దగ్గరికొస్తే ఖనిజాలు, ఆమ్లత్వం, 50 సెంటీమీటర్ల లోతులో ఏడాది సగటు ఉష్ణోగ్రత, ఇవన్నీ వచ్చి పేరు బారెడవుతుంది. నల్లటి మందమైన పైపొర ఉంటే మాలిసాల్ వైపు, వెడల్పాటి నెర్రెలూ నునుపు జారుడు ముఖాలూ ఉంటే వెర్టిక్ వైపు పోతుంది, అది వేరే కథ.

ఇందాక వాయిదా వేసిన రెండు మూడు శాతం గొడవ ఇక్కడే. ఈ నేలల్లో కుటుంబం రేణువుల తరగతిని 25 నుంచి 100 సెంటీమీటర్ల మధ్య సగటు చూసి పెడతారు. బంక 18 నుంచి 35 శాతం లోపు ఉండి, కాస్త ఇసుక కూడా ఉంటే ఫైన్ లోమీ, 35 దాటితే ఫైన్. బంకగరపకేమో హద్దులు 27, 40. అంటే ఆ గీత సరిగ్గా బంకగరప మధ్యలో నుంచి పోతుంది! 34 వచ్చిన గుంటా 36 వచ్చిన గుంటా పొలంలో ఒకేలా ప్రవర్తిస్తాయి, కాగితం మీద రెండు వేరే కుటుంబాలు. ల్యాబ్‌లో సరిగ్గా విడదీయని నమూనా ఒక్కటి చాలు పేరు మారడానికి. ఎక్కడో ఒకచోట గీత గీయాలి, ఒప్పుకుంటాను, కానీ ఆ అంకె మీద గంటలు వాదించి బూడిద నెర్రె పక్కనుందా నడుమ ఉందా అన్నది చూడకుండా వదిలేసేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది.

ప్రపంచ నేలల వర్గీకరణ డబ్ల్యూఆర్‌బీలో, 2022 నాటి నాలుగో కూర్పు ప్రకారం 32 గుంపులు. వరుసగా ప్రశ్నలు అడుగుతూ పోతారు, ముందు ఏది సరిపోతే అదే పేరు. భూగర్భ నీటితో తడిసిన నేల, గ్లేసాల్, ముందు వస్తుంది; వరద మేటల నేల, ఫ్లూవిసాల్, దాదాపు చివర్లో. అందుకే పై 40 సెంటీమీటర్ల లోపల మొదలయ్యే భూగర్భ నీటి గుర్తులుంటే వరద నేల అయినా ముందు గ్లేసాలే అవుతుంది, వరద సంగతి ఫ్లూవిక్ గ్లేసాల్ అని ముందు చేర్చిన విశేషణంలోకి పోతుంది.

ఇంతా చేసి ఎండో, ఎపి తేడా దేనికంటే మురుగు తీసేటప్పుడు. నీరు పైనుంచి ఆగేదైతే లోతైన కాలువ తవ్వి పెద్ద లాభం ఉండదు, నేల వాలు సరిచేయడం, మడిలోంచి పైనీరు త్వరగా పోయే దారి ఇవ్వడం, అడ్డుపడుతున్న గట్టి పొర తక్కువ లోతులో ఉంటే పొడిగా ఉన్నప్పుడు పగలగొట్టడం పనిచేస్తాయి. కింది నుంచి వచ్చేదైతే లోతు కాలువో, భూమిలో పైపులో కావాలి, అదీ నీరు పోయే చివర ఏటి మట్టం కన్నా పైన ఉంటేనే, లేకపోతే వరద రోజుల్లో అదే పైపు గుండా నీరు వెనక్కి వస్తుంది. మరో సంగతి, లోపల కరిగి ఉన్న ఫెర్రస్ ఇనుము పైపులోకి రాగానే గాలి తగిలి నారింజ రంగు జిగురుగా మారి రంధ్రాలు మూసేస్తుంది. దగ్గర్లోని పాత కాలువ గట్ల వెంట అలాంటి జిగురు ఊరుతూ కనిపిస్తుంటే పైపుల మీద డబ్బు పెట్టడం మానుకుని తెరిచి ఉండే కాలువే తవ్వుకోవడం మేలు, పూడిక పడినా పారతో తీసేయొచ్చు.