అడ్డచుట్ట, అంగిలి, ఒక టార్చిలైటు

మా అమ్మమ్మ చుట్ట కాలుస్తుంటే ఎదుటివారికి నిప్పు కనిపించేది కాదు. వెలిగించి రెండు దమ్ములు మామూలుగా లాగాక చుట్టను తిప్పి, మండే కొసను నోట్లో పెట్టుకుని పెదవులు బిగించేది. ఆపైన చేపలు ఎండబెట్టినా, నాటు వేసినా, మనవళ్ళను చంకన వేసుకున్నా చుట్ట నోట్లోనే ఉండేది. సముద్రపు గాలికి నిప్పు ఆరిపోదని, బూడిద పిల్లల మీద రాలదని కారణాలు చెప్పేది గాని, అసలు కారణం వాళ్ళమ్మ అలాగే కాల్చడమే. దీన్ని మా శ్రీకాకుళం వైపు అడ్డపొగ అంటారు. ఈ అలవాటులో మగవారి కంటే ఆడవారే ముందుంటారు.

ఈ అలవాటు వైద్య ప్రపంచానికి కొత్తదేమీ కాదు. 1971లోనే బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో డెన్మార్క్‌కు చెందిన పిండ్‌బోర్గ్, ముంబయికి చెందిన ఫాలీ మెహతా, మరికొందరు కలిసి మన ప్రాంతంలో 10,169 మంది గ్రామీణుల నోళ్ళు పరీక్షించి, అడ్డపొగ వల్ల అంగిలిలో వచ్చే మార్పులను వర్ణించారు. దేశంలో మిగతా చోట్ల నోటి క్యాన్సర్ ఎక్కువగా ఖైనీ, గుట్కా దాచుకునే బుగ్గలోనో చిగుళ్ళ పక్కనో వస్తుంది. అడ్డపొగ తాగేవారిలో నిప్పు సెగా పొగా నేరుగా పైకి తగులుతాయి కాబట్టి అది అంగిలిలో వస్తుంది. నాలుక చాపమంటే చాపుతాం, బుగ్గ లాగి చూపమంటే చూపుతాం. తల వెనక్కి వాల్చితే తప్ప కనిపించని అంగిలిని మాత్రం ఎవరూ అడగరు, మనమూ చూపం.

అదే అలవాటున్న మా పెద్దమ్మ విషయంలో జరిగింది సరిగ్గా ఇదే. ఆమెకు పైపళ్ళు లేవు, సెట్టు కట్టించుకుంది. ఊళ్ళో జరిగిన ఒక పరీక్షా శిబిరంలో నాలుక చూశారు, బుగ్గలు చూశారు, అంతా బాగుందని కాగితం మీద రాసి పంపారు. సెట్టు తీయమని ఎవరూ అనలేదు. కొన్ని నెలల తరువాత చేపల పులుసు మండుతోందని, సెట్టు సరిగ్గా కూర్చోవడం లేదని అంటే, పళ్ళు కట్టినాయన సెట్టునే రెండుసార్లు అరగదీసి ఇచ్చాడు. మారుతున్నది సెట్టు కాదు, దాని పైనున్న అంగిలి.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు సెట్టు తీయించి, మంచం మీద తల వెనక్కి వాల్పించి, ఫోను లైటు వేసి చూశాను. ఆరోగ్యంగా ఉన్న అంగిలి లేత గులాబీ రంగులో, ముందు భాగంలో సన్నని గీతలతో ఉంటుంది. ఆమె అంగిలి చాలా మేరకు తెల్లబారి మందమై ఉంది, ఆ తెలుపులో అక్కడక్కడా ఎర్రని చుక్కలున్నాయి. అవి లాలాజల గ్రంథుల నోళ్ళని, వేడికి వాచి అలా కనిపిస్తాయని తరువాత తెలిసింది. ఒక పక్కన రూపాయి బిళ్ళంత మేర మాత్రం ఇటుక రంగులో, అంచు గరుకుగా, మధ్యలో చిన్న పుండుతో ఉంది. తెల్ల మచ్చ కంటే ఎర్ర మచ్చను ఎక్కువగా అనుమానించాలన్నది నోటి వైద్యులందరూ చెప్పే మాట. పెద్దమ్మ మాత్రం, "నొప్పి నేదు గదా, మరింకేటి భయం?" అంది. మొదటి దశలో నొప్పి ఉండకపోవడమే ఈ జబ్బుతో వచ్చిన పెద్ద చిక్కు. పైపళ్ళు కారణం లేకుండా కదలడం, తాగిన నీరు ముక్కులోంచి రావడం, మెడలో గడ్డ కట్టడం వంటివి జబ్బు ముదిరాక కనిపించే గుర్తులు. రెండు మూడు వారాల్లో మానని ఏ పుండునైనా, మచ్చనైనా నొప్పి కోసం ఎదురుచూడకుండా చూపించుకోవాలి.

ముక్క తీసి పరీక్ష చేయాలనగానే ఇంట్లో గొడవ మొదలైంది. కత్తి తగిలితే పాకుతుందని మా మామయ్య పట్టు పట్టాడు. అది నిజం కాదు. ఆ చిన్న ముక్కను సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప అది క్యాన్సరో కాదో ఎవరూ చెప్పలేరు, చెప్పనిదే వైద్యం మొదలు కాదు. పాకేది ఆలస్యం వల్ల.

చివరికి ముక్క తీయిస్తే క్యాన్సరేనని తేలింది. అదృష్టవశాత్తు మెడ గ్రంథులకు చేరకముందే దొరికింది. అంగిలి ఎముకలో కొంత భాగం తీసేశారు, తరువాత ఆరు వారాలు రేడియేషన్ ఇచ్చారు. మా వైపు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. యంత్రం కింద ఉండేది రోజుకు కొద్ది నిమిషాలే అయినా వారానికి ఐదు రోజులు వెళ్ళాలి. మధ్యలో మానేస్తే ఫలితం తగ్గుతుంది. టాటా మెమోరియల్ వారి హోమీభాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖ దాటాక అగనంపూడిలో ఉంది. సోంపేట నుంచో పార్వతీపురం నుంచో రోజూ వచ్చి పోవడం ఎవరి వల్లా కాదు, కాబట్టి బస ఏర్పాటు ముందే చూసుకోవాలి. ఎన్టీఆర్ వైద్యసేవలో క్యాన్సర్ చికిత్సలు ఉన్నాయి గాని, బస్సు చార్జీలూ పోయిన కూలీ రోజులూ ఇంటివారే భరించాలి. పాడైన పళ్ళుంటే రేడియేషన్‌కు ముందే తీయించుకోవాలి. తరువాత తీయిస్తే దవడ ఎముక మానకపోవచ్చు.

ప్రభుత్వ కార్యక్రమం ప్రకారం 30 ఏళ్ళు దాటినవారికి నోరు, ఆడవారికైతే రొమ్ము, గర్భాశయ ముఖద్వారం కూడా ఐదేళ్ళకోసారి పరీక్షించాలి. చివరిదానికి పలుచటి అసిటిక్ ఆమ్లం రాసి, తెల్లబడిన చోటును చూస్తారు. నోటికైతే వెలుతురూ కళ్ళూ చాలు. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో జరిగిన పెద్ద అధ్యయనంలో, పొగాకు, మద్యం అలవాటున్నవారి నోళ్ళు ఇలా కళ్ళతో చూసి అనుమానమున్నవారిని పంపినందుకే నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో ప్రకటించారు. నన్నడిగితే అడ్డపొగ అలవాటున్నవారికి ఐదేళ్ళు చాలా ఎక్కువ, ఏడాదికోసారైనా చూడాలి. చుట్ట మానేస్తే అంగిలిలోని తెలుపు చాలామందిలో వెనక్కి పోతుంది. ఎర్ర మచ్చ విషయంలో ఆ ఆశ పెట్టుకుని కూర్చోకూడదు.

ఇప్పుడు పెద్దమ్మ అంగిలిలోని ఖాళీని మూసేందుకు పళ్ళతో కలిపి ఒక ప్లేటు చేసి ఇచ్చారు. అది తీస్తే మాట ముక్కులోంచి వస్తుంది, గంజి కూడా మింగలేదు. రాత్రి దాన్ని కడిగి స్టీలు గిన్నెలో నీళ్ళలో వేసి, "నా అంగిలిని పడుకోబెట్టినాను" అంటుంది. చుట్ట ఆసుపత్రికి బయల్దేరిన రోజే మానేసింది. మొన్న నేను వెళ్ళేసరికి అరుగు మీద పక్కింటి ఆవిడను కూర్చోబెట్టి, నా పాత టార్చిలైటు చేతిలో పట్టుకుని ఉంది. ఆవిడ నోరు తెరిచి నాలుక చాపింది. "నాలికెవరు సూడమన్నారే? ముందు ఆ సెట్టు తియ్యి" అని పెద్దమ్మ గద్దించింది.