యోన్ నది ఒడ్డున గీ రూ మైదానం

పారిస్‌లోని బెర్సీ స్టేషన్‌లో రైలెక్కి ఓసేర్‌లో దిగాను. సుమారు 35 వేల జనాభా ఉన్న ఈ ఊరికి యాత్రికులు ఎక్కువగా పాత కథీడ్రల్ కోసమో, దగ్గరలోని షాబ్లీ ద్రాక్షతోటల కోసమో వస్తారు. నేను మాత్రం నాలుగు దశాబ్దాలకు పైగా ఒకే క్లబ్బును అంటిపెట్టుకున్న గీ రూ అనే ఫుట్‌బాల్ కోచ్ పనిచేసిన చోటు చూడాలని వచ్చాను. కథీడ్రల్‌ను త్వరగా చుట్టివచ్చి, యోన్ నది వెంట దక్షిణంగా నడిచాను.

స్టేడియానికి అబ్బే దెషాం పేరు పెట్టారు. 1905లో ఈ క్లబ్బును స్థాపించిన మతగురువు ఆయనే. పెద్ద నగరాల మైదానాలకు అలవాటుపడిన కళ్లకు ఇది చిన్నదిగానే కనిపిస్తుంది. 1961లో 22 ఏళ్ల రూ ఆటగాడిగా, శిక్షకుడిగా బాధ్యత చేపట్టేనాటికి జట్టు ప్రాంతీయ పోటీల్లోనే ఉండేది. రెండో డివిజన్‌కు 1974లో, మొదటి డివిజన్‌కు 1980లో చేరింది. అంటే పై మెట్టు ఎక్కడానికి 19 ఏళ్లు పట్టింది. అన్నేళ్లు ఒక శిక్షకుణ్ణి భరించే యాజమాన్యం నేడు ఎక్కడుందో నాకైతే తెలియదు.

స్టేడియం పక్కనున్న శిక్షణ మైదానాల దగ్గరే నేను ఎక్కువసేపు గడిపాను, ఎందుకంటే రూ అసలు పనితనం అక్కడే ఉంది. 1979లో రెండో డివిజన్ జట్టుగా ఉండి కూడా ఓసేర్ ఫ్రెంచ్ కప్ ఫైనల్‌కు చేరి, అదనపు సమయంలో నాంత్ చేతిలో ఓడిపోయింది. ఖరీదైన ఆటగాళ్లను కొనే స్తోమత లేని క్లబ్బు కనుక, రూ కుర్రాళ్లను తయారుచేసే పద్ధతినే నమ్ముకున్నాడు. ఎరిక్ కాంటోనా, బాసిల్ బోలీ, జిబ్రిల్ సిసే, ఫిలిప్ మెక్సెస్ అందరూ ఇక్కడ పెరిగినవారే. పొదుపులో ఆయనకు ఎంత పేరో, నిఘాలోనూ అంతే పేరు. రాత్రిపూట ఆటగాళ్లు ఊరు దాటారేమోనని వాళ్ల వాహనాల మైలేజీ చూసేవాడని చెబుతారు. నేటి ఆటగాళ్లు దాన్ని సహించరు, సహించాలని నేనూ అనను. అయితే పదహారేళ్ల పిల్లవాణ్ణి ఇంటికి దూరంగా ఉంచుకున్న క్లబ్బుకు ఆ పిల్లవాడి నిద్ర గురించి పట్టింపు ఉండటం నాకు తప్పుగా తోచలేదు.

1996లో ఈ ఊరి జట్టు లీగ్‌నూ, ఫ్రెంచ్ కప్‌నూ ఒకే సీజన్‌లో గెలిచింది. లీగ్ టైటిల్ వాళ్లకు ఇప్పటికీ అదొక్కటే. 1994, 2003, 2005 సంవత్సరాల్లోనూ కప్ వాళ్లదే. 2001లో గుండె శస్త్రచికిత్స జరిగినా రూ తిరిగి బెంచీ మీదికి వచ్చి, 2002లో లండన్‌లో ఆర్సెనల్‌పై 2-1తో గెలిచిన జట్టును నడిపించాడు. చివరికి 2005లో నాలుగో కప్ అందుకుని తప్పుకున్నాడు. ఓసేర్ శిక్షకుడిగా మొదటి డివిజన్‌లో ఆయన నడిపిన మ్యాచ్‌లు 890.

2007లో లాన్స్ జట్టుకు వెళ్లినప్పుడు మాత్రం నాలుగు లీగ్ మ్యాచ్‌లకే ఆ పదవి వదులుకున్నాడు. ఓసేర్ కూడా ఆయన లేకుండా నిలదొక్కుకోలేక 2012లో, అంటే 32 సీజన్ల తర్వాత, మొదటి డివిజన్ నుంచి జారిపోయింది. 2022లో తిరిగి ఎక్కి, మరుసటి ఏడే దిగి, 2024లో మళ్లీ ఎక్కింది.