పుత్రవత్ పశ్యేత్: చైత్రమాసంలో పెరటి ధర్మం

భాగవతం సప్తమ స్కంధంలో ధర్మరాజు నారదుణ్ణి ఒక ప్రశ్న అడుగుతాడు. ఇల్లే లోకంగా బతికే నాలాంటి గృహస్థు తరించేదెలా అని. దానికి జవాబుగా పద్నాలుగో అధ్యాయంలో నారదుడు గృహస్థధర్మాలు చెబుతాడు. అందులో తొమ్మిదో శ్లోకం ఇది:

మృగోష్ట్రఖరమర్కాఖుసరీసృప్ఖగమక్షికాః ।
ఆత్మనః పుత్రవత్ పశ్యేత్ తైరేషామంతరం కియత్ ॥

జింక, ఒంటె, గాడిద, కోతి, ఎలుక, పాము, పక్షి, ఈగ... వీటిని కన్నబిడ్డల్లా చూసుకోవాలి, బిడ్డలకీ వీటికీ ఉన్న తేడా ఎంతని? అని భావం. ఈ వరసలో ఆవు లేదు, ఏనుగు లేదు, గుర్రం లేదు. మనం దండం పెట్టి ముద్ద పెట్టేవాటిని పక్కనుంచి, చీపురు తిరగేసి తరిమేవాటినే ఎక్కువగా ఏరి చెప్పాడు నారదుడు.

ఈ శ్లోకం ఆచరణకు చైత్రమాసమే సరైన అదను. వేప పూత రాలుతుంటుంది, మామిడి పిందె కడుతుంది, కాకులు గూటికి పుల్లలు మోస్తుంటాయి, ఆ గూట్లో గుడ్డు పెట్టడానికి కోయిల కాచుకుని ఉంటుంది. ఎండ ముదురుతుంది, గుంటలు ఎండుతాయి. అప్పుడు నీళ్ళున్న పెరడు వెతుక్కుంటూ అవే వస్తాయి. వచ్చినవాటిని చూసి మురిసిపోవడం తేలిక. బిడ్డలా చూడడమంటే మన చేతికి తోచింది కాక, దాని ఒంటికి పడేది పెట్టడం.

ముందు నీళ్ళు. చైత్రంలో మొదలుపెట్టి నాలుగు నెలలు ప్రపాదానం చేయమన్నారు పెద్దలు. మన చలివేంద్రాలు ఆ ఆచారమే. దానం చేసేటప్పుడు చదివే మంత్రం ‘ప్రపేయం సర్వసామాన్యభూతేభ్యః ప్రతిపాదితా’ అంటుంది. ఈ నీటిపందిరి సకల ప్రాణులకూ ఉమ్మడి అని. మనిషికో కుండ పెడితే పిట్టకో మూకుడు పెట్టాలన్నమాట.

ఆ మూకుడు మట్టిదై, ఒక అడుగు వెడల్పుండాలి. నీటి లోతు నడిమధ్యన రెండంగుళాలు, అంచుల దగ్గర అరంగుళం చాలు. అంతకన్నా లోతుంటే పిచ్చుక అంచున తాగి పోతుందే గానీ స్నానానికి దిగదు. స్టీలు గిన్నె ఎండకు కాలుతుంది, ప్లాస్టిక్ అంచు మీద గోళ్ళు జారతాయి. కొత్త మూకుడు నీళ్ళు పీల్చేస్తుంది కాబట్టి ముందు ఒక రాత్రంతా నానబెట్టాలి. నీటిపైకి కనిపించేలా నాలుగు గులకరాళ్ళు వేయండి. తేనెటీగ ఈదలేదు, రాయి మీద వాలి తడి అంచున నోరు ఆనించి తాగుతుంది. రాళ్ళు లేని మూకుట్లో పొద్దెక్కేసరికి రెండు మూడు తేనెటీగలు రెక్కలు తడిసి తేలుతుంటాయి, అది పుణ్యం అనిపించుకోదు.

నీడలో, గుబురు పొదలకు ఆరడుగులైనా ఎడంగా పెట్టాలి. పొద పక్కనే ఉంటే పిల్లి అందులో పొంచి ఒక్క దూకులో పట్టేస్తుంది. తల పైన మాత్రం ఒక కొమ్మ ఉండాలి, బెదిరిన పిట్ట ఎగిరి వాలడానికి. పక్షులకు నాలుగడుగుల ఎత్తున ఒకటి, ఉడుతకూ ముంగిసకూ తొండకూ నేలమీద ఇంకొకటి. రోజూ పొద్దున్నే పాత నీళ్ళు మొక్క మొదట్లో పారబోసి, సబ్బు లేకుండా కొబ్బరిపీచుతో రుద్ది, కొత్త నీళ్ళు పోయాలి. వారం వదిలేస్తే దోమలు పుడతాయి. అంతకుముందే రెట్టలు పడి, ఒక జబ్బు పిట్ట నుంచి మిగతా అన్నిటికీ అంటుకుంటుంది.

ఇక తిండి. పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటి, వండిన అన్నంలో ప్రాణులకు భాగం తీయడం. వైశ్వదేవానికి, అంటే ఆ భాగాన్ని దేవతలకూ ప్రాణులకూ సమర్పించే నిత్యకర్మకు, తీసే అన్నంలో ఉప్పు ఉండదు. ఆ నియమం పిట్ట ఒంటికీ సరిగ్గా సరిపోతుంది, ఎక్కువ ఉప్పు దాని చిన్న శరీరం తట్టుకోలేదు. మిగిలిన పులిహోర, కారప్పూస, బ్రెడ్డు, పాలు పెరటి గోడ మీద పెట్టేవాళ్ళు దయతోనే పెడతారు, కానీ పెట్టకూడదు. నూకలు, కొర్రలు, సజ్జలు కలిపి గుప్పెడు చాలు, గంటలో ఖాళీ కావాలి. మిగిలితే మర్నాడు తగ్గించండి. చీకటిపడ్డాక గింజ నేలమీద ఉంటే ఎలుక వస్తుంది, ఎలుక వెనక పాము వస్తుంది. పచ్చి వేరుశెనక్కాయలు ఉడుతకు రోజుకు నాలుగైదు వేయొచ్చు, బూజు వాసన ఉన్నవి మాత్రం పారేయాలి. చూరుకు వరికంకుల కుచ్చు కట్టే పాత అలవాటు అన్నిటికన్నా మంచిది. గింజ నేలపాలు కాదు, పిచ్చుక దానికే వేలాడి ఒలుచుకు తింటుంది. చీమలకు వేరే ఏర్పాటు అక్కర్లేదు, ముగ్గు బియ్యప్పిండితో వేస్తే చాలు. రాతిపిండి ముగ్గులో వాటికి దొరికేదేమీ లేదు.

గింజలు పెద్ద పిచ్చుకలకు మాత్రమే. గూట్లో పిల్లకు తల్లి మొదటి రోజుల్లో పురుగులే తెచ్చి పెడుతుంది. ఈ కాలంలో పెరట్లో పురుగుమందు కొడితే ఆ పిల్ల నోటి ముద్ద తీసేసినట్టే. కరివేపాకు, నిమ్మ ఆకుల మీద పిట్ట రెట్టలా గోధుమ తెలుపు మచ్చలతో ఒకటి కనిపిస్తుంది. కాస్త కదిపితే తలవెనక నుంచి చిన్న కొమ్ముల జంట బయటికి తీస్తుంది. అది సీతాకోకచిలుక పురుగు. పెరిగాక పచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. లేతమొక్కను మోడు చేస్తుందనుకుంటే ఆకుతో సహా తీసి పెద్ద చెట్టు మీద పెట్టండి. ఉగాది పచ్చడికి వేపపువ్వు కావాలంటే కొమ్మ విరవక్కర్లేదు, తెల్లవారుజామున చెట్టు కింద గుడ్డ పరిస్తే రాలిన పూతే సరిపోతుంది. మిగతాది తేనెటీగల వాటా.

ఇంట్లో పెంచుకునేవాటి విషయంలో మరింత జాగ్రత్త కావాలి. పిల్లికి వేట స్వభావం, తప్పు దానిది కాదు. తెల్లవారుజామున, సందెవేళ పిట్టలు నేలమీద తిరిగే సమయంలో దాన్ని లోపలే ఉంచి, కాసేపు ఆడించి తిండి పెట్టండి. మాంసాహారం లేకుండా పిల్లి ఆరోగ్యంగా ఉండదు. మన నియమం మనకు, దాని ప్రకృతి దానికి. కుక్క తాగే గిన్నె వేరుగా ఉంచాలి. ఎలుక మూత్రం కలిసిన నీటివల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ కుక్కకూ మనిషికీ ప్రమాదం, కుక్కకు టీకా ఉంది. గోమార్ల మందు వేసిన కుక్క బొచ్చు గూళ్ళకు పనికొస్తుందని చెట్టుకు కట్టొద్దు, గూట్లోని పిట్టపిల్లలకు విషం. గూళ్ళకు కొబ్బరిపీచు వదిలితే మేలు.

శ్రీరామనవమి ప్రసాదాల్లో వడపప్పు చిటికెడు పెట్టినా కుక్కకు ఫర్వాలేదు. కిస్మిస్ వేసిన చక్కెరపొంగలి మాత్రం వద్దు, ఎండుద్రాక్ష దాని మూత్రపిండాలను పాడుచేయగలదు. నిర్మాల్యం, అంటే పూజయ్యాక తీసేసిన పూల సంగతి చాలామంది గమనించరు. గన్నేరు, పచ్చగన్నేరు పూలు శివుడికి ప్రీతి, కానీ చెట్టు ఆకు నుంచి గింజ దాకా విషమే. ఆ దండలు, కత్తిరించిన కొమ్మలు ఆవు తిరిగే చోట పారేస్తే ఆవు ప్రాణానికే ముప్పు. ఉమ్మెత్త కూడా అంతే. దారం తీసి, గోతిలో వేసి మట్టి కప్పండి.

గూటి నుంచి పిల్ల పడితే కంగారుపడొద్దు. రెక్కలు వచ్చి గెంతుతుంటే ఎగరడం నేర్చుకుంటోంది, దగ్గరి కొమ్మ మీద పెట్టి కుక్కనూ పిల్లినీ లోపల కట్టేస్తే చాలు, తల్లి అక్కడే ఉంటుంది. ఈకలు రాని పిల్లయితే గూట్లో పెట్టాలి. మనిషి ముట్టుకుంటే తల్లి రాదన్నది అపోహ. నోట్లో నీళ్ళు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోయి చచ్చిపోతుంది. ఈ కాలంలోనే రామచిలుక పిల్లల్ని సంతల్లో అమ్ముతారు. జాలిపడి కొంటే మరో గూడు దోచడానికి డబ్బిచ్చినట్టే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పెంచడమూ నేరం.

నారదుడు చెప్పిన వరసలో కోతీ పామూ ఉన్నాయి కదా. కోతికి చేతితో పెట్టడం మొదలుపెడితే అది అడవిలో తిండి వెతకడం మానేసి ఇళ్ళ మీద పడుతుంది, చివరికి దెబ్బలు తినేది అదే. పెట్టకపోవడమే దానికి మేలు. జెర్రిపోతు కనబడితే కర్ర తీయకండి, విషం లేదు, ఎలుకల్ని తింటుంది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి అయితే కుక్కను కట్టేసి, దూరం నుంచి కనిపెడుతూ, అటవీశాఖకో పాములు పట్టేవారికో ఫోన్ చేయాలి. కాటు పడితే కోయడం, తాడు బిగించడం లాంటివేవీ వద్దు, నేరుగా ఆసుపత్రికి. కట్టెలు, కొబ్బరిమట్టల గుట్టలు గోడవారన లేకుండా చూస్తే సగం భయం పోతుంది.

సెలవులకు ఊరెళ్ళే నెలలు కూడా ఇవే. అలవాటుపడ్డ పిట్టలు ఎండలో ఖాళీ మూకుడు దగ్గరికి వచ్చి తిరిగిపోతాయి. పక్కింటివాళ్ళకు పెరటి గేటు తాళం, కొబ్బరిపీచు, గింజల డబ్బా అప్పగించి, పొద్దున ఎన్ని చెంబులు పోయాలో దగ్గరుండి చూపించి బయల్దేరండి.