మూడో రాత్రి

రెండేళ్ల కిందట కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకున్నాను. అప్పటికి రోజుకు మూడు క్వార్టర్లు తాగేవాణ్ణి, అంటే 540 ఎం.ఎల్. పొద్దున ఒక గ్లాసు పడితే గానీ చేతులు కుదురుగా ఉండేవి కావు, మోటారు వైండింగ్ చేయలేకపోయేవాణ్ణి. 41 రోజులు స్వామే చూసుకుంటాడని మా అమ్మ నమ్మింది. నేనూ నమ్మాను. ముందురోజు రాత్రి ఆఖరి గ్లాసు తాగి, తెల్లారి మాల వేసుకున్నాను.

మొదటి రోజు చెమటలు. రెండో రోజు అన్నం వాసన పడలేదు. మూడో రాత్రి సన్నిధానంలో చాప మీద పడుకుంటే గోడ నిండా రాగి తీగలు పాకుతున్నాయి. గోళ్లతో పీకుతున్నాను. ఎప్పుడో పోయిన మా నాన్న షట్టర్ దించమని అరుస్తున్నాడు. స్వామి ఆవహించాడనుకుని పక్కనున్నవాళ్లు శరణుఘోష మొదలుపెట్టారు. ఆ కేకలకు భయం ఇంకా పెరిగి బయటికి పరుగెత్తాను. తమ్ముడు పట్టుకునేసరికి లారీలు పోయే రోడ్డు మధ్యలో ఉన్నానట.

మొదట తీసుకెళ్లిన ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు నా నల్లబట్టలు చూసి, "మాలలో కూడా తాగాడా? ఇలాంటోళ్లు మారరమ్మా" అని నా భార్యతో అన్నాడు. మూడు రోజులుగా చుక్క ముట్టని మనిషిని! ఆ రాత్రి సంగతులన్నీ మసకగా ఉన్నాయి, ఆ మాట మాత్రం చెవిలో అలాగే ఉంది. చివరిసారి ఎప్పుడు తాగాడు అని ఒక్క ప్రశ్న అడగలేకపోయాడా?

ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యుడు ముందు అదే అడిగారు. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే రెండు నుంచి నాలుగు రోజుల్లో ఇలా మతి తప్పొచ్చని, వైద్యం అందకపోతే ప్రాణమే పోవచ్చని చెప్పారు. బి1 ఇంజెక్షన్లు, సెలైన్లు, వణుకు తగ్గే మాత్రలు. ఎనిమిది రోజులకు ఇంటికొచ్చాను.

పదో రోజు మళ్లీ తాగాను. దీక్ష మధ్యలో మాల తీసేసిన అవమానం లోపల తొలిచేస్తోంది. గదిలో పెట్టి తాళం వేసే సెంటర్‌కు పంపుదామన్నాడు మా బావ. నా భార్య ఒప్పుకోలేదు. బతిమాలి కౌన్సెలర్ దగ్గరికి తీసుకెళ్లింది.

"నేను మానను" అన్నాను కూర్చోకముందే.

"సరే అన్నా, మానమని అడగను. పొద్దున ఏం తిన్నారు?" అందావిడ.

ఏమీ తినలేదు. అక్కడ మొదలైంది మా మాట. తాగేముందు అన్నం తినాలి. రోజూ బి1 మాత్ర వేసుకోవాలి. సాయంత్రమైతే బండి తాళం షాపులో కుర్రాడికి ఇచ్చేయాలి. తాగినదంతా రాసుకోవాలి. ఒక్కసారిగా మాత్రం ఆపకూడదు. "ఈవిడే తాగమంటోందా?" అని బావ మండిపడ్డాడు. ఆ రాత్రి నా భార్య కూడా ఏడ్చింది. వాళ్ల భయం వాళ్లది, తప్పు పట్టను. కానీ ఎప్పుడు మానతావని అడిగిన అందరికీ రెండు క్వార్టర్లేనని అబద్ధం చెప్పిన నేను, ఆవిడకు మాత్రం మూడని చెప్పాను.

వైండింగ్ లెక్కల పుస్తకంలోనే వెనక పేజీల్లో రాసేవాణ్ణి. నాలుగు నెలలకు మూడు రెండయ్యాయి. ఒక ఆదివారం నాలుగు రాసుకెళ్లాను. తిడుతుందనుకుంటే, "ఆ రోజు ఏమైంది?" అని అడిగింది. నాన్న సంవత్సరీకం. అక్కడే కూర్చుని ఏడ్చాను.

ఏడో నెలలో నేనే అడిగాను, పూర్తిగా ఆపేస్తాను, ఆసుపత్రిలో చేర్చుకోండని. వణుకు తగ్గే మాత్రలిచ్చి, రోజురోజుకూ తగ్గిస్తూ పది రోజుల్లో ఆపారు. గోడ మీద ఏ తీగా పాకలేదు. తర్వాత ఒక పెళ్లిలో తప్పాను. అదీ రాశాను, ఆ పేజీ చింపలేదు.

రోజూ తాగేవాళ్లు మాల వేసుకోవాలనుకుంటే, మందు ఆపకముందే డాక్టరుకు చూపించుకోండి. సిగ్గనిపిస్తే టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చేయండి. డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. తాగేవాడికి తెలియకుండా ఇంట్లోవాళ్లు మజ్జిగలో తాగుడు మాన్పించే మాత్రలు కలపొద్దు. అవి ఒంట్లో ఉండగా తాగితే ప్రాణం మీదికొస్తుంది.

ఆ రాత్రి స్వామి నన్ను వదిలేశాడనుకున్నాను. లారీల మధ్య నుంచి బతికించి ఆ కౌన్సెలర్ దగ్గరికి నడిపించింది ఆయనేనని ఇప్పుడు నమ్ముతున్నాను. నిరుడు మళ్లీ మాల వేసుకుని 41 రోజులూ పూర్తిచేశాను. ఈ కార్తీకంలో మా గురుస్వామి మాల వేసే ముందు కొత్తవాళ్లను పక్కకు పిలిచి, రోజూ తాగే అలవాటుందా అని అడుగుతున్నారు. ఉందన్నవాళ్లను నా షాపుకు పంపుతున్నారు. ఇప్పటికి ఇద్దరొచ్చారు.