సంపు అడుగు

మంగళవారం, రాత్రి పదకొండున్నర

పొద్దున ఆరు కాకముందే వాచ్‌మన్ బెల్లు కొట్టాడంటే లిఫ్టు ఆగిపోయి ఉండాలి, లేదా సంపు ఖాళీ అయి ఉండాలి. ఇవాళ సంపు. రోజు విడిచి రోజు వచ్చే నీళ్ళు నిన్న రాలేదు, ఎక్కడో పైపు పగిలిందట. బోరు సంగతి సరేసరి, పోయిన నెల నుంచి అది నీళ్ళకు బదులు గాలి కక్కుతోంది. కిందికి వెళ్ళి మూత ఎత్తించి చూశాను. టార్చి వెలుగులో నల్లటి సిమెంటు నేల, దాని మీద వేలెడు మడ్డి, ఒక మూల ఎవరి పిల్లవాడిదో ఎర్ర ప్లాస్టిక్ బంతి. పదకొండేళ్ళుగా ఈ సంపు నీళ్ళు వాడుతున్నాను గానీ దాని అడుగు చూడటం ఇదే మొదటిసారి.

అపార్ట్‌మెంటు సంఘానికి కోశాధికారిగా ఒప్పుకోవడం నా తెలివితక్కువతనం. ట్యాంకరు అతనికి ఫోన్ చేస్తే "రాత్రికి చూద్దాం మేడమ్" అన్నాడు. మియాపూర్ చుట్టుపక్కల అన్ని సంపులదీ ఇదే కథట. ఎన్ని ట్యాంకర్లు చెప్పాలో తేల్చుకోవడానికి కాగితం తీశాను. 40 ఫ్లాట్లు, అందరినీ కలిపితే 150 మంది. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం. మొత్తం 20,250 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు నాలుగు, పైన ఇంకొన్ని బిందెలు. అదీ ఒక్క రోజుకు. ఆ అంకె చూశాక చెంబు నీళ్ళతో మొహం కడుక్కుని ఊరుకున్నాను.

మా అన్నయ్య కూతురు వేసవి కోచింగు కోసం మా ఇంట్లోనే ఉంటోంది. ఇంటర్ రెండో ఏడాది, బైపీసీ. స్నానం లేదనగానే మూతి ముడిచింది గానీ, కాసేపటికి పుస్తకం పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. "అత్తా, నిన్నటి పాఠం ఇదే!" ఎస్ అక్షరంలా పైకి పాకి, చివర బల్లపరుపుగా ఆగిపోయే గీత. అది ఆగేచోట అడ్డంగా చుక్కలు, పక్కన 'కె' అని ఒక అక్షరం. ఒక చోటు ఎన్ని ప్రాణులను పోషించగలదో ఆ హద్దు అది. 1838లో వెర్హుల్స్ట్ అనే బెల్జియం గణితవేత్త దీనికి సమీకరణం రాశాడట. తెలుగులో ఏమంటారే అంటే తెల్లమొహం వేసింది. మోయగల శక్తి అనుకుందాం అన్నాను.

పుస్తకంలో లేని కథ ఒకటి కూడా చెప్పింది. అలాస్కా దగ్గర సెయింట్ మాథ్యూ అని ఎవరూ ఉండని దీవి. 1944లో అమెరికా తీరరక్షక దళం అక్కడ 29 రెయిన్‌డీర్లను, అంటే మంచు ప్రాంతపు జింకలను, వదిలింది. వేటాడే జంతువు లేదు, తినడానికి నాచులాంటి లైకెన్ గుట్టలుగా ఉంది. 1963 నాటికి ఆరు వేలయ్యాయి. మేత నాకేశాయి. ఆ చలికాలం మంచు విపరీతంగా పడింది. 1966లో లెక్కిస్తే మిగిలినవి 42, అందులో మగది ఒక్కటే. గీత బల్లపరుపుగా ఆగలేదు, నిలువునా కూలింది. పప్పులో పోపు వేస్తూ విన్నాను. పాపం, ఆ జంతువులకు ట్యాంకరు నంబరు తెలియదు అన్నాను. నేను హాస్యానికన్నది దానికి ప్రశ్న అయింది: "మరి మనుషులకు కె ఎంత?"

జవాబు కాదు గానీ, మధ్యాహ్నం లిఫ్టులో దిగుతుంటే గోడ మీది రేకు కనబడింది. 8 మంది, 544 కిలోలు. భాగిస్తే తలకు 68. నేను 74, పై అంతస్తు పెద్దాయన వంద పైమాటే. అలారం తలలు లెక్కపెట్టదు కదా, బరువే చూస్తుంది. మెట్ల కింద గదిలో వాచ్‌మన్ కుటుంబం ఐదుగురు, రెండు డ్రమ్ములతో రోజు వెళ్ళదీస్తారు. మేం ముగ్గురం. వాషింగ్ మెషీను ఉంది, షవరు ఉంది, గ్లాసుడు నీళ్ళు ఇవ్వడానికి అంతకంటే ఎక్కువ తూముకు పంపే ఫిల్టరు ఉంది. పొద్దున సంఘం వాట్సాప్‌లో "జనాభా పెరిగిపోతే ఇంతే" అని రాసిన పెద్దమనిషి కారును రోజూ పైపు పెట్టి కడిగిస్తాడు. ఆయనకు జవాబు టైపు చేసి, చెరిపేశాను. చందా వసూలు చేయాల్సింది నేనే.

తలల మాటకొస్తే, మా అమ్మమ్మకు తొమ్మిది కాన్పులు, బతికింది ఐదుగురు. అమ్మకు ముగ్గురం. నాకు ఒక్కడే. మా ఒక్క ఇంటి సంగతి కాదు ఇది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒక్కో స్త్రీకి సగటున తెలంగాణలో 1.8, ఆంధ్రప్రదేశ్‌లో 1.7 మంది పిల్లలని తేలింది. జనాభా ఉన్నచోటే నిలవాలంటే 2.1 కావాలి. "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" అని గోడల మీద చదువుకుంటూ పెరిగాను. ఆంధ్రలో ఇద్దరిని మించి కన్నవాళ్ళు పంచాయతీకి పోటీ చేయకూడదన్న నిబంధనను 2024లో ఎత్తేశారు, ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రే చెబుతున్నారు. ప్రపంచం 800 కోట్లు దాటిందని ఐక్యరాజ్యసమితి ప్రకటించి అప్పటికి రెండేళ్ళే. ఒకే జీవితకాలంలో రెండు నినాదాలూ వినడం నాకు నవ్వు తెప్పిస్తుంది. పిల్లల సంఖ్య తగ్గుతోంది, ట్యాంకర్ల సంఖ్య తగ్గడం లేదు.

రాత్రి తొమ్మిదికి బాన్సువాడ నుంచి అత్తగారి ఫోను. "నల్లా రాలేదటగా" అన్నారు. అవునన్నాను. "మా కాలువ కూడా రాకపోయేది" అన్నారు, ఎత్తిపొడుపేమీ లేకుండా.

ఆ మాట వెనక పెద్ద కథ ఉంది. 1908లో మూసీ వరద వేల ప్రాణాలు తీశాక ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) కట్టారు. అప్పటికి హైదరాబాద్ నాలుగైదు లక్షల ఊరు. ఆ రెండు చెరువులతో దాహం తీరేది. 2011 లెక్కలకు గ్రేటర్ హైదరాబాద్ 67 లక్షలు దాటింది. మూసీ మోయగలిగినంత ఎప్పుడో అయిపోయింది. 1960ల్లో మంజీర నీళ్ళు తెచ్చారు, ఆ తర్వాత దాని మీదే సింగూరు కట్టారు. 2004లో కృష్ణ నీళ్ళు వచ్చాయి, నాగార్జునసాగర్ వెనక పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి, కోదండాపురంలో శుద్ధి చేసి. 2015లో ఎల్లంపల్లి నుంచి గోదావరి, 180 కిలోమీటర్ల పైనుంచి. చుక్కల గీత అడ్డొచ్చిన ప్రతిసారీ దాన్ని ఇంకో నది దగ్గరికి జరుపుకున్నాం.

అత్తగారి పొలం నిజాంసాగర్ కింద. సింగూరు నిజాంసాగర్‌కు ఎగువన. అక్కడ నగరం కోసం నీళ్ళు ఆపిన ఏళ్ళలో వాళ్ళ కాలువలో మేకలు మేశాయి. రెండో పంట వదిలేశారు, ఒక ఎకరం అమ్మేశారు. అదే డబ్బు కలిపి మేం ఈ ఫ్లాటు కొన్నాం. మా కుళాయిలోకి వచ్చేవి చాలావరకు మంజీర నీళ్ళే. ఈ మాట ఆమె ఒక్కసారీ అనలేదు. ఇవాళ నాకే తోచి, ఫోను పెట్టేశాక కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

పది దాటాక ట్యాంకర్లు వచ్చాయి, మూడే. నాలుగోది రేపట. పైపు సంపులోకి వదిలి డ్రైవరు బీడీ వెలిగించాడు. ఎక్కడి నీళ్ళని అడిగాను. ఊరి బయట ఒక రైతు బోరు, వెయ్యి అడుగులన్నాడు. "ఆయన వరి మానేశాడు మేడమ్. నీళ్ళే అమ్ముతున్నాడు, అదే నయం."

పుస్తకంలో తేదీ రాసి, మూడు లోడ్లని రాసి, డబ్బు ఇచ్చాను. మా అన్నయ్య కూతురు మూత పక్కన గొంతుక్కూర్చుని లోపలికి టార్చి వేసి చూస్తోంది. ఎర్ర బంతి పైకి తేలింది.