పుర్రె అడుగున ప్లాస్మాసైటోమా, ఉద్దానం క్రియాటినిన్

తలనొప్పిని ఎవరం పట్టించుకుంటాం? నన్ను కదిలించింది చూపు రెండుగా అవడం. ఏ కన్ను మూసినా బొమ్మ ఒకటే, రెండూ తెరిచి దూరం చూస్తే రెండు. ఎడమ కన్ను చెవి వైపు తిరగట్లేదు. కంటిని బయటికి తిప్పే ఆరో నరం పుర్రె అడుగున క్లైవస్ ఎముకను ఆనుకునే పోతుంది. అక్కడ గడ్డ లేస్తే ముందు నలిగేది అదే. కళ్లజోడు మారిస్తే పోయేది కాదు.

నాకు తేలింది ప్లాస్మాసైటోమా, అంటే యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల గడ్డ. ఎమ్మారైలో ఇది కార్డోమాలాగా (పుర్రె అడుగున వచ్చే ఇంకో రకం ఎముక గడ్డ) కూడా కనిపిస్తుంది. ముక్కులోంచి ఎండోస్కోపుతో తీసిన ముక్కే తేలుస్తుంది: సీడీ138 (ప్లాస్మా కణాల గుర్తు) పాజిటివ్, కణాలన్నీ కప్పా గానీ లాంబ్డా గానీ ఒకే రకం లైట్ చైన్ (యాంటీబాడీలోని చిన్న ప్రోటీన్) చేస్తుంటే ప్లాస్మాసైటోమా. కార్డోమాకైతే పెద్ద ఆపరేషన్, దీనికి చాలావరకు కరెంటు (రేడియేషన్) చాలు.

అయినా గడ్డ ఒక్కటేనని అప్పుడే సంబరపడొద్దు. పెట్ సీటీ (ఒళ్లంతా చూసే స్కాన్), సీరం ఎలక్ట్రోఫోరెసిస్ (రక్తంలో ప్రోటీన్లను విడదీసి చూసే పరీక్ష), ఎముక మూలుగు పరీక్ష అయ్యాకే ఆ మాట. మూలుగులో క్లోనల్ (ఒకే కణం నుంచి పుట్టిన) ప్లాస్మా కణాలు 10 శాతానికి చేరితే మైలోమా (ప్లాస్మా కణాల కాన్సర్) కింద లెక్క.

మా సోంపేట వైపు, అంటే కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లకు, మెలిక క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) దగ్గర. పెరిగి ఉంటే ‘ఉద్దానం కిడ్నీలే’ అని వదిలేస్తే మైలోమా దాక్కుంటుంది. మైలోమా ఖాతాలో వేస్తే అక్కర్లేని కీమో మీద పడుతుంది. పాత క్రియాటినిన్ రిపోర్టులు తేదీల వరసన పట్టుకెళ్లండి, గడ్డకు ఏళ్ల ముందే పెరిగిందో లేదో అవే చెబుతాయి. మూత్రంలో పట్టీ ముంచే పరీక్ష అల్బుమిన్‌నే పడుతుంది, లైట్ చైన్లను పట్టదు. అందుకే 24 గంటల మూత్రం అడుగుతారు: పొద్దున మొదటిది పారబోసి, అక్కణ్నుంచి మర్నాడు పొద్దుటి మొదటిదాకా అంతా డబ్బాలో పట్టాలి. కిడ్నీ మందగిస్తే రక్తంలో కప్పా, లాంబ్డా రెండూ పెరుగుతాయి, అంకె కన్నా నిష్పత్తి చూడాలి. తలనొప్పికి డైక్లోఫెనాక్ బిళ్లలు మింగడం మాత్రం మానేయండి, కిడ్నీలకు చేటు.

విశాఖలో కరెంటు. మామూలుగా 40 నుంచి 50 గ్రే (రేడియేషన్ కొలత), రోజుకు 1.8 నుంచి 2, వారానికి 5 రోజులు. వేడినీళ్లలో మెత్తబడ్డ జాలీ ప్లాస్టిక్‌ను ముఖం మీద అదిమి మాస్కు చేస్తారు. క్షవరం అంతకుముందే చేయించుకోవాలి, తర్వాత చేయిస్తే మాస్కు వదులవుతుంది. నాకు ముందు తలనొప్పి తగ్గింది, కన్ను నెలల తర్వాతగానీ దారికి రాలేదు. అందాకా ఒక కంటికి గంత.

తర్వాతి ఎమ్మారైలో గడ్డ మచ్చ మిగిలి ఉంటే కంగారు వద్దు, పెరుగుతోందా లేదా అన్నదే లెక్క. ఎముకలో పుట్టిన ఈ గడ్డలు సగానికి పైగా పదేళ్లలో మైలోమాగా మారతాయి. మొదట్లో కొన్ని నెలలకోసారి ఎలక్ట్రోఫోరెసిస్ చేయించాలి. పిట్యూటరీ (థైరాయిడ్, కార్టిసాల్ హార్మోన్లను నడిపే గ్రంథి) పక్కనే కరెంటు పడింది కాబట్టి ఏళ్లు గడిచాక కూడా థైరాయిడ్, కార్టిసాల్ చూపించుకోవాలి.