పులికాట్ నీళ్ల మీద మేమిద్దరం

పెళ్లయి ఇరవై ఆరేళ్లు. తిరుపతిలో ఉండే మాకు సముద్రమంటే మద్రాసు పోయినప్పుడు చూసేదే. 2022లో కొత్త జిల్లాలు ఏర్పడి తడ, సూళ్లూరుపేట మన జిల్లాలోకి వచ్చాయి. అయినా పులికాట్ సరస్సు చూడడానికి మాకు ఇన్నాళ్లు పట్టింది.

నిన్న శ్రీకాళహస్తి మీదుగా తడ చేరి, భీములవారిపాలెం రేవులో మోటారు పడవ ఎక్కాం. కొంచెం దూరం పోగానే ఇంజన్ ఆగిపోయింది. నాకు ఒకటే టెన్షన్. పడవ నడిపే అన్న మాత్రం కంగారు పడలేదు. వంగి, ఫ్యానుకు చుట్టుకున్న నాచును చేత్తో పీచులు పీచులుగా లాగి పడేశాడు. గెడకర్ర నీళ్లలో దించి, "చూడు సార్, నడుం లోతే" అన్నాడు. కనుచూపు మేర నీళ్లే, లోతు మాత్రం అంతే!

మా ఆవిడ వేలు ముంచి నాలుకకు రాసుకుంది. "ఏమండీ, ఉప్పగా ఉంది!" కాళంగి, ఆరణి నదుల మంచినీళ్లతో సముద్రపు నీళ్లు కలిసే చోటు ఇది. రాయదొరువు దగ్గర ముఖద్వారం పూడిపోతే ఉప్పునీరు లోపలికి రాదు, చేపా రొయ్యా తగ్గిపోతాయని అన్న చెబుతుంటే మనసు బరువెక్కింది. ఆ పూడిక తీయడం ఎంత అవసరమో ఒడ్డున కూర్చుంటే తెలియదు.

దూరంగా ఫ్లెమింగోలు లేచాయి. రెక్కల కింద ఆ ఎరుపు చూసి ఇద్దరం మాట్లాడుకోలేదు. ఆమె చెయ్యి నా చేతిలోనే ఉంది, రేవు చేరేదాకా.